మేయరు కుర్చీకి ఆధారం

నాకు ఎవరినీ నమ్మే అలవాటు లేదు. నమ్మనందుకే నాకు జీతమిస్తారు. ముప్పై రెండేళ్లుగా ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్ని. అచ్చుకు వెళ్లే ప్రతి కాగితాన్నీ దొంగను చూసినట్టు చూడడమే నా ఉద్యోగం. "పాలవాడు గుమ్మంలో నిలబడితే వాణ్ణి కూడా ప్రూఫు దిద్దుతావే నువ్వు" అంటుంది మా అక్క. దిద్దుతాను. దిద్దకపోతే ఆవిడ రోజూ నీళ్ల పాలే తాగాలి.

అలాంటిదాన్ని మా ఆఫీసులో కవర్లాయన్ని అనుమానించానంటే వింతేమీ లేదు. పన్నెండేళ్లు కళ్లలో వత్తులేసుకుని చూసినా ఆయన దొరక్కపోవడమే వింత.

మూడో అంతస్తు చివరి గది ఆయనది. నాలుగు గోడలకీ ఇనుప అరలు, అరల నిండా నిలబెట్టిన ఖాకీ కవర్లు. ఒక్కో కవరు ఒక్కో మనిషి. మంత్రులు, మేయర్లు, మల్లయోధులు, సర్కస్ యజమానులు, ఎప్పుడో ఒకసారి పేపర్లో పడి తర్వాత ఎవరికీ పట్టనివాళ్లు. పొద్దున్న తొమ్మిదింటికి బల్ల మీద నాలుగు పేపర్లు పరుచుకుని, మూరెడు కత్తెరతో వార్తలు కత్తిరించి, మూల మీద పెన్సిల్‌తో తారీఖు వేసి, ఎవరి వార్త వాళ్ల కవర్లో పెడతాడు. ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా తారీఖు వేస్తాడని ఆయన భార్య ఒకసారి నాతో చెప్పి నవ్వింది. ఆయన నవ్వలేదు. "తెరిచిన రోజు తెలియాలి కదమ్మా" అన్నాడు.

ఒకప్పుడు ఆ గదికి యమ గిరాకీ. ఏ పాత నాయకుడో పోయాడంటే చాలు, విలేకరులు మెట్లు రెండేసి ఎక్కుతూ "బాబాయ్, కవరు!" అని వచ్చిపడేవారు. ఆయన కుర్చీలోంచి లేవకుండా చెయ్యి చాపితే సరిగ్గా ఆ కవరే చేతికొచ్చేది. కంప్యూటర్లు వచ్చాక ఆ మెట్లు ఎక్కేవాళ్లు లేరు. ఆయన పదవీ విరమణ కూడా పన్నెండేళ్ల కిందటే అయిపోయింది. అయినా ఏటేటా పొడిగిస్తూ ఉంచారంటే, గదిని కూడా ఉంచారంటే, ఒక్కటే కారణం. నాలుగో పేజీలో కింద ఆయన రాసే చిన్న పెట్టె. పేరు 'మరిచిన మనిషి'. రోజుకొకరు, నలభై మాటలకు అటూ ఇటూ.

జనం పేపరు తెరవగానే ముందు అదే చదివేవారు. సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోయే ఆరోగ్య మంత్రి. పదకొండు రైలు మార్గాలకు జెండా ఊపి, జన్మలో రైలెక్కని పెద్దమనిషి. సభ గోల చేస్తుంటే జేబులోంచి ఈల తీసి ఊదిన సభాపతి. మా అక్కయితే అవన్నీ కత్తిరించి అల్మారా తలుపుకి అంటించుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. ఎందుకంటే మా ఆఫీసులో ఒక నియమం ఉంది. ప్రూఫుతోపాటు దాని ఆధారం కూడా గుండుసూదితో గుచ్చి పంపాలి. ఆధారం లేనిది ప్రూఫ్ రీడరు పాస్ చెయ్యకూడదు. కవర్లాయన మటుకు ఆధారం గడిలో రోజూ మూడే మాటలు రాసేవాడు. 'ఉంది. కవరులో ఉంది.'

మొదట్లో మెట్లెక్కి వెళ్లి చూశాను. ఆరోగ్య మంత్రి కవరంతా దులిపినా సూది ఊసే లేదు.

"ఏదండీ అన్నగారూ, ఎక్కడుంది?" అన్నాను.

"కవరులోనే ఉందమ్మాయ్."

"ఈ కవర్లో లేదు."

"ఈ కవర్లో ఉందని నేనన్నానా?" అని కత్తెర తీసుకుని పనిలో పడ్డాడు.

చెవిలో పువ్వు పెట్టుకున్నదానిలా కనిపించానా ఆయనకి? కిందికొచ్చి అప్పటి ఎడిటరుకి చెప్పాను. ఆయన తేలిగ్గా నవ్వేసి, పెట్టె వల్ల పేపరు అమ్ముడుపోతోంది, చూసీ చూడనట్టు పొమ్మన్నాడు. పోయాను. కానీ ప్రతి ప్రూఫు మీదా సంతకం పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టేదాన్ని. పన్నెండేళ్లు పెట్టాను.

ఆయన గురించి నాకు ఇంకో అనుమానం కూడా ఉండేది. స్టోర్సు నుంచి ఆయన గదికి నెలనెలా ఒక జిగురు సీసా వెళ్తుంది. కత్తిరించిన ముక్కని తెల్లకాగితానికి అతికించి కవర్లో పెట్టాలని ఆర్డరు. ఆయన గదిలో ఏ ముక్కా అతికించి ఉండదు, అన్నీ విడివిడిగానే. మరి జిగురంతా ఏమవుతున్నట్టు? బయట అమ్ముకుంటున్నాడని నేను తేల్చేశాను. ఒకసారి ముఖాన్నే అడిగేశాను. "జిగురు పూస్తే వెనక వైపు చచ్చిపోతుందమ్మాయ్" అన్నాడు. అరలో ముప్పయ్యో నలభయ్యో సీసాలు మూత కూడా తియ్యకుండా వరసగా ఉన్నాయి. సరే, అమ్ముకోవట్లేదు. అయితే మనిషికి కాస్త తిక్క అనుకున్నాను.

ఇలా ఉండగా ఒక సోమవారం ఎడిటరు నన్ను పిలిచాడు. ఈయన కొత్తాయన, నా మేనల్లుడి వయసు. బల్ల మీద ఒక ఉత్తరం ఉంది. అంతకు ముందు వారం పెట్టెలో ఒక పాత మేయరు గురించి వేశాం. నగర సభ సమావేశానికి వచ్చిన ప్రతిసారీ తన కుర్చీ తానే ఇంటి నుంచి మోసుకొచ్చుకునేవాడని. చదివి ఊరంతా నవ్వింది. ఉత్తరం ఆ మేయరు మనవడు రాశాడు. 'మా తాతగారు పిచ్చివారు కారు. బళ్లో నా కూతుర్ని కుర్చీ పిల్ల అని పిలుస్తున్నారు. ఆధారం చూపించండి, లేదా కోర్టులో కలుద్దాం.'

"మేడమ్, మీరే కదా పాస్ చేసింది?" అన్నాడు ఎడిటరు.

"ప్రశ్న గుర్తు పెట్టి మరీ పాస్ చేశాను" అన్నాను. ఆ మాట అనడానికి పన్నెండేళ్లు ఆగాను మరి.

కవర్లాయన్ని పిలిపించారు. డెబ్బై ఏళ్ల మనిషి, దారం కట్టిన కళ్లజోడు, రెండు జేబుల్లోనూ పెన్సిళ్లు. "బాబాయ్, ఈ కుర్చీ సంగతి ఎక్కడిది?" అంటే అలవాటుగా, "కవరులో ఉంది సార్" అన్నాడు.

"అయితే తెచ్చి చూపించండి. ఆధారం ఉంటే మనం నిలబడదాం. లేదంటే మటుకు, చెప్పడానికి బాధగానే ఉంది, ఈ నెలాఖరుతో పెట్టె ఆపేస్తాం. పెట్టె లేకపోతే ఆ గదితో పని లేదు. కాగితాలన్నీ తూకానికి వేసేయమని పైవాళ్లు రెండేళ్లుగా పోరుతున్నారు."

కవర్లాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "శుక్రవారం దాకా టైమివ్వండి" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ నాలుగు రోజులూ నాకు పండగే. దొరికాడు అనుకున్నాను. ఇంకో నాలుగు నెలల్లో నేనూ దిగిపోతాను. వీడ్కోలు రోజున నాకో ఇత్తడి పలక ఇస్తారట. 'ముప్పై రెండేళ్లలో ఒక్క తప్పూ వదలలేదు' అని దాని మీద చెక్కిస్తున్నారట. వెళ్లేలోపు ఈ ఒక్క ప్రశ్న గుర్తూ తేలిపోతే హాయిగా ఇంటికి పోవచ్చు.

శుక్రవారం కవర్లాయన వచ్చి ఎడిటరు ముందు నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. "అది నేను అల్లిందే సార్. కవరులో లేదు" అన్నాడు.

"ఈ ఒక్కటేనా బాబాయ్? అన్నీ అంతేనా?"

"మీ ఇష్టం సార్, ఎలా అనుకుంటే అలా" అని, నా వైపు ఒక్కసారి చూసి, వెళ్లిపోయాడు.

ఎగిరి గంతెయ్యాల్సిందాన్ని. వెయ్యలేకపోయాను. పన్నెండేళ్లు 'కవరులో ఉంది' అని గోడలా నిలబడ్డ మనిషి, నేను ఎన్ని రకాలుగా గుచ్చి అడిగినా మాట మార్చని మనిషి, ఒక్క ముక్కలో ఒప్పేసుకున్నాడేమిటి? ఇంతకీ నా వైపు ఎందుకు చూసినట్టు? ఇంటికెళ్లి అక్కతో అంటే, "ఒప్పుకోకపోయినా అనుమానమే, ఒప్పుకున్నా అనుమానమేనా తల్లీ!" అని తల పట్టుకుంది.

మర్నాడు పన్నెండున్నరకి ప్రూఫు నా బల్ల మీదకొచ్చింది. క్షమాపణ. 'మేయరుగారి గురించి ప్రచురించిన విషయం మా ఉద్యోగి కల్పించినది. ఇందుకు చింతిస్తున్నాం. ఈ శీర్షిక ఇకపై ఉండదు.' తప్పుల్లేవు. సంతకం పెట్టబోయి, అలవాటుగా ఆధారం గడి చూశాను. ఖాళీగా ఉంది.

సబ్ ఎడిటరు దగ్గరికి తీసుకెళ్లి, "దీనికి ఆధారం ఏది?" అన్నాను.

అతను తెల్లమొహం వేశాడు. "దేనికి మేడమ్?"

"కల్పించాడని వేస్తున్నాం కదా. కల్పించినట్టు ఆధారం."

"ఆయనే ఒప్పుకున్నాడు కదా!"

"ఆయన చెప్పింది ఒక్కటీ నమ్మొద్దని పన్నెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. ఇప్పుడు ఇదొక్కటీ నమ్మాలా? ఆధారం లేకుండా నేను పాస్ చెయ్యను."

నేను మెట్లెక్కాను.

ఒంటిగంట. కవర్లాయన కింద క్యాంటీన్లో అన్నం తింటుంటాడు. గదికి ఆయన ఎప్పుడూ తాళం వెయ్యడు. గుమ్మం పక్కన అప్పుడే అట్టపెట్టెలు పేర్చి పెట్టారు, కాగితాలు తూకానికి తీసుకెళ్లడానికి. బల్ల మీద కత్తెర, పెన్సిలు, పక్కన రిజిస్టరు. కవరు ఎవరు తీసినా అందులో రాయాలి. తారీఖు, కవరు పేరు, తీసినవాళ్ల సంతకం. కొన్నేళ్లుగా అందులో ఆయన ఒక్కడి సంతకమే. తన గదిలో తను కవరు తీసుకున్నా రాసుకునే మనిషి.

ఆ వారం పేజీ తీశాను. సోమవారం సాయంత్రం మూడు కవర్లు తీశాడు. మేయరు. సరే. రెండోది ఒక మల్లయోధుడు. మేయరుకీ మల్లయోధుడికీ ఏమిటి సంబంధం? మూడోది 'సవరణలు'. ఏదో దాచాలనుకున్న మనిషి తన రహస్యాన్ని రిజిస్టర్లో రాసి సంతకం పెడతాడా? కవర్లాయన పెడతాడు. చేతికి ఆ అలవాటు పోదు.

మల్లయోధుడి కవరు తీశాను. ఒకే ముక్క, గద భుజాన పెట్టుకుని నవ్వుతున్న ఫోటో. మేయరు మాటే లేదు. విసుగొచ్చి బల్ల మీద పడేశాను. అది బోర్లా పడింది.

వెనక ఏదో వార్త. ఫోటో ఎంత ఉందో అంతే, నాలుగు వైపులా వాక్యాలు తెగిపోయి ఉన్నాయి. '...నగర సభ సమావేశానికి మేయరు వచ్చిన ప్రతిసారీ తన కుర్చీ తానే ఇంటి నుంచి మోసుకొచ్చుకుంటారు. సభలోని కుర్చీలు ఎత్తు తక్కువని...'

అక్కడికి తెగిపోయింది. నా చూపు అరలో మూత తియ్యని సీసాల మీద పడింది. జిగురు! జిగురు పూస్తే వెనక వైపు చచ్చిపోతుంది!

గబగబా రిజిస్టరు వెనక్కి తిప్పాను. సూది మంత్రి పెట్టె వేసిన రోజు ఏమేం తీశాడు? ఆరోగ్య మంత్రి, సర్కస్ యజమాని. సర్కస్ యజమాని కవర్లో ఏనుగు వార్త వెనక మంత్రిగారు సూది చూసి పడిపోయిన వార్త. ఈల ఊదిన సభాపతి ఒక గాయని ఫోటో వెనక ఉన్నాడు. ఒక మనిషి కోసం కత్తిరించి దాచుకున్న కాగితం వెనక ఇంకో మనిషి సగం ఉండిపోతాడు. ఆ సగాల్ని ఈయన పోగేసుకుంటున్నాడు. పన్నెండేళ్లు నేను పెట్టిన ప్రశ్న గుర్తులన్నిటికీ జవాబు అక్కడే ఉంది. పప్పులో కాలేశాను. సిగ్గేసింది.

అయితే మరి అల్లానని ఎందుకన్నాడు? ముక్క చేతిలో ఉంది కదా, తీసుకెళ్లి ఎడిటరు ముందు పెడితే గది నిలబడేది. నాకు మళ్లీ అనుమానం మొదలైంది. మూడో కవరు ఇంకా చూడలేదు. 'సవరణలు'.

లావుపాటి కవరు. పైనున్న ముక్క కొత్తగా మడత విప్పినట్టుంది. మూలన పెన్సిల్‌తో తారీఖు. ముప్పై రెండేళ్ల కిందటిది.

'గత మంగళవారం నగర సభ వార్తలో మేయరుగారు తన కుర్చీ తానే మోసుకొస్తారని పడింది. ఇది నిజం కాదు. నడుము నొప్పి వల్ల సొంత కుర్చీ తెచ్చుకునేది సభలో నోట్సు రాసే గుమాస్తా. అచ్చులో ఒక వరుస జారిపోగా, ప్రూఫు విభాగంలో కొత్తగా చేరిన ఉద్యోగి గమనించలేదు. చింతిస్తున్నాం.'

కొత్తగా చేరిన ఉద్యోగి. ఆ ఏడాది ప్రూఫు విభాగంలో చేరింది ఒక్కదాన్నే. నేనే.

అప్పుడు గుర్తొచ్చింది. చేరి మూడు వారాలు. అప్పటి హెడ్ ప్రూఫ్ రీడరు, మీసాలాయన అనేవాళ్లం, అందరి ముందూ నిలబెట్టి, "ఇంటికెళ్లి ముగ్గులు దిద్దుకో, ప్రూఫులు వద్దు" అన్నాడు. ఏడుపు ఆపుకోలేక మెట్లెక్కి, మనుషులు లేని గది కోసం వెతికి, ఈ గదిలోకే వచ్చాను. కత్తెర పట్టుకున్న ఒకాయన ఏమీ అడక్కుండా నీళ్లు ఇచ్చాడు. "ఇక్కడికి ఎవరూ రారు, ఎంతసేపైనా కూర్చోమ్మా" అన్నాడు. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ తారీఖులతో సహా గుర్తుపెట్టుకున్నదాన్ని, నా తప్పు, అది దాచుకున్న గది, నీళ్లిచ్చిన చెయ్యి, అన్నీ శుభ్రంగా మరిచిపోయాను.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. కవర్లాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా చేతిలో ముక్క చూసి ఆగిపోయాడు.

"రిజిస్టర్లో రాశావా?" అన్నాడు.

"రిజిస్టరు సంగతి తర్వాత! ఎందుకు అబద్ధమాడారు?"

"మల్లయోధుడి ముక్క చూపిస్తే ఊరుకుంటారా? దాని మీద తారీఖుంది. ఆ మనవడు లాయరు చేత కూపీ లాగిస్తాడు. రెండో రోజుకి సవరణ బయటపడుతుంది. కొత్తగా చేరిన ఉద్యోగి ఎవరని అడుగుతారు." కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నాడు. "పెట్టె రాసేటప్పుడు ఈ సవరణ ఉందని నాకూ తట్టలేదమ్మాయ్. తప్పు నాదే. సగం వాక్యం చూసి రాసేశాను. నీకు పలక చేయిస్తున్నారు. ఈ నాలుగు నెలల్లో ఇదెందుకు?"

"మరి మీ గది?"

ఆయన అరల వైపు చూశాడు.

నాకు కోపం నషాళానికంటింది. "నా తరఫున అబద్ధమాడమని మిమ్మల్ని ఎవరడిగారండీ? నేను కాళ్లావేళ్లా పడ్డానా? ఇంత గదిని తూకానికి వేయించి, నేను పలక చంకలో పెట్టుకుని ఇంటికి పోవాలా? మీ జాలి ఎవరిక్కావాలి?" అంటూనే ఏడ్చేశాను. ఆ గదిలో నాకు అది రెండోసారి. ఆయన లేచి నీళ్లు తెచ్చాడు.

నీళ్లు తాగి, రిజిస్టర్లో నేను తీసిన కవర్ల పేర్లన్నీ రాసి, నా సంతకం పెట్టాను. ఆయన బల్ల మీదే కూర్చుని కొత్త క్షమాపణ రాశాను. మేయరు కుర్చీ మోయలేదని, మోసింది గుమాస్తా అని, నాటి తప్పు ఫలానా ప్రూఫ్ రీడరుదని, నా పేరుతో సహా. రెండు ముక్కలూ గుండుసూదితో గుచ్చాను.

ఎడిటరు రెండుసార్లు చదివాడు. ముక్కలు తిప్పి తిప్పి చూశాడు. "మేడమ్, మీ పేరు అవసరమా? ఎవరో ఉద్యోగి అంటే సరిపోదా?"

"ఎవరో అంటే ఆధారం ఎక్కడుంటుంది? పేరు లేకపోతే నేను పాస్ చెయ్యను."

"పలక..." అని ఆగాడు.

"కరిగించెయ్యమనండి" అన్నాను. అనేశాను గానీ, ఆ పలక కోసం మా అక్క గోడకి మేకు కూడా కొట్టించింది.

క్షమాపణ అచ్చయిన మర్నాడు మేయరు మనవడు ఫోన్ చేశాడట. సవరణ కత్తిరించి కూతురి బడికి పంపానని, కోర్టు ఊసు ఇక లేదని చెప్పాడట. అట్టపెట్టెలు ఖాళీగానే కిందికి దిగిపోయాయి. ఇకపై ప్రతి పెట్టెతోపాటు ముక్క గుచ్చి పంపాలన్న షరతు మీద గది ఉండనిచ్చారు. ఆఫీసులో కుర్రవాళ్లు రెండు రోజులు నన్ను చూసి మాటలు ఆపేశారు. మూడో రోజుకి ఒకడు ధైర్యం చేసి, "మేడమ్, మీరు కూడానా!" అన్నాడు. "నేను కూడానే, పని చూసుకో" అన్నాను.

ఆ సాయంత్రమే 'మరిచిన మనిషి' ప్రూఫు వచ్చింది. చదవడం మొదలుపెట్టి మెట్లెక్కాను.

"ఇదేమిటండీ అన్నగారూ? ఇది పేరున్నవాళ్ల పెట్టె కదా. నేనేం మంత్రినా, మేయర్నా?"

"మొన్న పేపర్లో పడ్డావుగా" అన్నాడు, కత్తెర ఆపకుండా.

కిందికొచ్చి పూర్తిగా చదివాను.

'ఉద్యోగంలో చేరిన మూడో వారంలో తప్పు చేసి, కత్తిరింపుల గదిలో గంటసేపు ఏడ్చిన ఒక ప్రూఫ్ రీడరు, రెండు గ్లాసుల నీళ్లు తాగి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ పైనున్న ముక్క మీద తారీఖు తప్పు, చూసుకోండి" అన్నారు. చూస్తే నిజంగానే తప్పు. ఆనాటి నుంచి ఆ గదిలో ప్రతి తారీఖునూ రెండుసార్లు సరిచూస్తున్నారు.'

నాకు ఈ సంగతి గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఏడుపు గుర్తుంది, నీళ్లు గుర్తున్నాయి. తారీఖు గురించి అన్నానో లేదో, దేవుడికే తెలియాలి. ముక్క గుచ్చి పంపలేదు. షరతు పెట్టి వారం కూడా కాలేదు, అప్పుడే తప్పాడు. ఆధారం గడి చూశాను. ఎప్పటి మాటలు కావు. పెన్సిల్‌తో, 'నేనక్కడే ఉన్నాను' అని రాసి ఉంది.

సంతకం పెట్టి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టకుండా, అచ్చుకు పంపించాను.